పాత టర్బైన్‌కు కొత్త కంట్రోల్: టెండరుకు ముందు చేయవలసిన పని

సభకు నమస్కారం.

చెరువు కింద సేద్యం తెలిసిన వరంగల్ ప్రాంతంలో గవర్నర్ అంటే ఏమిటో చెప్పడానికి కష్టపడనక్కరలేదు. పాఖాల కింద గానీ రామప్ప కింద గానీ తూము ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకునే నీరటి పనే టర్బైన్‌లోకి వెళ్లే ఆవిరి విషయంలో గవర్నర్ చేస్తుంది. తేడా అంతా వ్యవధిలోనే ఉంది. నీరటికి ఒక పూట సమయం దొరుకుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే రోటరు మీద నుంచి లోడ్ ఒక్కసారిగా తొలగిపోతే, ఆవిరిని ఆపకపోయిన పక్షంలో అది సెకను, సెకనున్నర లోపే 3300 దాటిపోగలదు. ట్రిప్ చేయవలసిన, అంటే రక్షణ కోసం యంత్రాన్ని వెంటనే ఆపేయవలసిన హద్దు సాధారణంగా అక్కడే ఉంటుంది.

మన ఉత్తర తెలంగాణలోని కర్మాగారాల్లో ఇరవై, ముప్పై ఏళ్ల నాటి కంట్రోల్ ప్యానెళ్లతో నడుస్తున్న ఆవిరి టర్బైన్లు ఇంకా ఉన్నాయి. సకాలంలో ఓవర్‌హాల్ చేస్తే రోటరు, కేసింగ్ దశాబ్దాల పాటు పనిచేస్తాయి. ఎలక్ట్రానిక్ కార్డులకు అంత ఆయుష్షు లేదు. కార్డు పాడైతే తయారీదారు దగ్గర దొరకదు, పాత సామాన్ల మార్కెట్‌లో వెతకాలి. ఆపరేటర్ ముందున్న కంప్యూటర్ ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీతోనే నడుస్తుంటుంది, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. మార్చవలసిందేనన్న విషయంలో వివాదం లేదు. అయితే మార్చాలని నిర్ణయించిన మర్నాడే వెండర్లను పిలిచి కొటేషన్లు అడగడం మన అలవాటు. పాత వ్యవస్థ నిజంగా ఏం చేస్తున్నదో మనకే తెలియకుండా కొత్తదాని ధర అడగడం తొందరపాటని నా అభిప్రాయం.

నా అనుభవంలోని ఒక సంగతి చెబుతాను. ఆ కర్మాగారం పేరు ఇక్కడ అవసరం లేదు. 30 మెగావాట్ల యంత్రం, దాని నుంచే ప్రాసెస్‌కూ ఆవిరి వెళ్లేది. టార్చిలైటు పట్టుకుని ప్యానెల్ వెనుక టెర్మినళ్లు చూస్తుంటే డ్రాయింగులో లేని జానెడు నీలం వైరు ఒకటి కనబడింది. దానికి చుట్టిన టేపు మీద బాల్ పెన్నుతో ‘తీయొద్దు’ అని రాసి ఉంది. తేదీ లేదు, సంతకం లేదు. ఆ వైరు లూబ్ ఆయిల్ (బేరింగులకు వెళ్లే నూనె) ప్రెషర్ స్విచ్‌లు మూడింటిలో ఒకదాని రెండు కొసలనూ కలిపేస్తున్నది. మూడింటిలో ఏ రెండు ‘ప్రెషర్ పడింది’ అన్నా యంత్రం ఆగాలన్నది అసలు ఏర్పాటు. చెడిపోయిన స్విచ్ ఎప్పుడూ ‘పడింది’ అనే చెబుతుండటంతో ఎవరో దాని నోరు కట్టేశారు. అప్పటి నుంచి మిగిలిన రెండూ ఏకకాలంలో చెబితేనే ట్రిప్. వాటిలో ఒక్కటి ఇరుక్కున్నా, నూనె లేకుండా బేరింగుల తెల్ల లోహం కరిగిపోయేదాకా యంత్రం తిరుగుతూనే ఉంటుంది. డ్రాయింగును నమ్మి, స్విచ్‌ను మార్చకుండా కొత్త ప్యానెల్‌కు కలిపి ఉంటే ఆపద మరో వైపు నుంచి వచ్చేది. ఒక ఓటు ముందే పడి ఉంటుంది కనుక, పంపు మార్చేటప్పుడు మరో స్విచ్ క్షణం తొణికినా యంత్రం ఆగిపోయేది. తప్పంతా కొత్త కంట్రోలర్ మీదికి వెళ్లేది.

రిటైరైన ఒక ఆపరేటర్‌ను వాకబు చేస్తే సంగతి తెలిసింది. “బతుకమ్మ పండుగ ముందట మిషన్ ఆగొద్దని పెట్టినం సార్, మళ్ల తీసుడు మర్చిపోయినం” అన్నాడు. నేను ఆయనను తప్పుపట్టలేకపోయాను. రాసిపెట్టే పద్ధతి మేము ఏర్పాటు చేయలేదు.

అందుచేత మొదటి మూడు, నాలుగు నెలలూ కాగితం, టార్చి, మనుషులు, ఈ మూడింటితోనే పని జరగాలి. ప్రతి వైరునూ డ్రాయింగుతో సరిచూడాలి. ప్రతి సెట్టింగ్ పక్కన అది ఎందుకు అలా ఉన్నదో రాయాలి. తేడా కనబడ్డ ప్రతిచోటా ఉంచాలా, సరిదిద్దాలా, తీసేయాలా అన్న నిర్ణయం మీద ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లే కాక ఆపరేషన్, మెకానికల్ విభాగాలు కూడా సంతకం చేయాలి.

సెట్టింగుల విషయంలో ఒక హెచ్చరిక. 1990లలో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49 హెర్ట్జ్ కంటే దిగువన నడవడం మామూలే. ఆ ఊగిసలాటకు యంత్రం స్పందిస్తూ కూర్చోకూడదని చాలా చోట్ల గవర్నర్‌ను కావాలనే మొద్దుబార్చారు. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఇప్పటి గ్రిడ్ కోడ్ 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలంటున్నది. 5 శాతం డ్రూప్ ఉన్న, అంటే ఫ్రీక్వెన్సీ 5 శాతం మారితే లోడ్ మొత్తం మారేలా గవర్నర్‌ను అమర్చిన 30 మెగావాట్ల యంత్రం 0.1 హెర్ట్జ్ మార్పుకు 1.2 మెగావాట్లు కదులుతుంది. అంత కదలికను మన బాయిలర్, మన ప్రాసెస్ తట్టుకోగలవా అని లెక్క వేసుకోవాలే తప్ప, పాత అంకెలను చూచిరాతగా ఎక్కించకూడదు.

ఏ కంపెనీ కంట్రోలర్ కొనాలన్నది నా దృష్టిలో చిన్న ప్రశ్న, పేరున్నవన్నీ పని చేస్తాయి. ఓవర్‌స్పీడ్ రక్షణకు మాత్రం గవర్నర్‌తో సంబంధం లేని విడి సెన్సర్లు, విడి పెట్టె ఉండాలి. ఆఫీసు నెట్‌వర్క్‌ను టర్బైన్ నెట్‌వర్క్‌కు నేరుగా తగిలించకూడదు.

కేబుళ్లు, నూనె మాత్రం అంత తేలిక కాదు. కొత్త ప్యానెల్‌లో టెర్మినళ్లు మరో ఎత్తులో ఉంటాయి, పాత కేబుల్ సరిగ్గా జానెడు తక్కువ పడుతుంది. లాగితే ఏళ్ల వేడికి పెళుసెక్కిన తొడుగు పొట్టులా రాలుతుంది. ఈ కొలత షట్‌డౌన్ రెండో రోజున కాదు, ఆరు నెలల ముందే టేపుతో తీసుకోవాలి. ఇక నూనె సంగతి. కంట్రోలర్ ఆజ్ఞను నూనె ఒత్తిడిగా మార్చి ఆవిరి వాల్వ్‌ను కదిలించే సర్వో వాల్వ్‌లోని సందులు మైక్రాన్లలో ఉంటాయి. కంట్రోల్ ఆయిల్‌లో మట్టి ఉంటే, ఎంత ఖరీదైన కంట్రోలర్ ఆజ్ఞ ఇచ్చినా వాల్వ్ కదలదు. నూనె శుద్ధికి, పైపుల ఫ్లషింగ్‌కు బడ్జెట్‌లో వేరే పద్దు పెట్టండి. లేకపోతే ముందు కోత పడేది దానికే.

చివరగా రోజుల లెక్క. ఓవర్‌హాల్‌కు ముప్పై అయిదు రోజులు దొరికితే, చివరి నాలుగు రోజులు వాల్వ్ స్ట్రోక్ పరీక్షలకు (వాల్వ్ పూర్తిగా తెరుచుకుని మూసుకుంటున్నదా అని చూడటానికి), యంత్రాన్ని తిప్పి చూసే ఓవర్‌స్పీడ్ పరీక్షకు ముందే రాసిపెట్టుకోండి. మెకానికల్ పని ఆలస్యమైనప్పుడు ప్లాంట్ మేనేజర్ మిమ్మల్ని పిలిచి అడిగేది ఆ నాలుగు రోజులనే. ఒక్కటి కూడా ఇవ్వకండి.