స్టంప్: జవాబు తోచకపోయినా అదే మాట, ఓట్లడిగినా అదే మాట

రెండు ఇంగ్లీష్ వాక్యాలు వినండి. 'ద సెనేటర్ వాజ్ స్టంప్‌డ్.' 'ద సెనేటర్ వాజ్ స్టంపింగ్.' మొదటిదాంట్లో ఆయనకి జవాబు తోచక నోట మాట రాలేదు. రెండోదాంట్లో ఊరూరా తిరిగి ప్రచారం చేస్తున్నాడు. స్టంప్ అంటే చెట్టు కొట్టేశాక మిగిలే మొద్దు. పాతకాలం అమెరికాలో నాయకులు ఆ మొద్దు ఎక్కి మాట్లాడేవాళ్లు. అందుకే ఏ ఊరెళ్లినా అదే అప్పజెప్పే ప్రసంగాన్ని ఇప్పటికీ స్టంప్ స్పీచ్ అంటున్నారు.

ముందు తికమక సంగతి చూద్దాం. ఇక్కడ తేడా అంతా ఉద్దేశంలో ఉంది. బాఫిల్, పర్‌ప్లెక్స్, ఫ్లమక్స్, మూడూ తికమకపెట్టడమే, వీటిలో ఎవరి తప్పూ ఉండక్కర్లేదు. లెక్క కూడా మిమ్మల్ని బాఫిల్ చేస్తుంది. హుడ్‌వింక్ అలా కాదు, ఎవరో కావాలనే చేయాలి. మన 'కళ్లకు గంతలు కట్టడం' అచ్చంగా ఇదే, హుడ్ అంటే తల మీద కప్పే ముసుగు. బాంబూజిల్ అంటే బురిడీ కొట్టించడం. సరదా మాటల్లో తికమకకీ వాడతారు గానీ, ఆఫీసు మెయిల్లో 'యువర్ రిపోర్ట్ బాంబూజిల్‌డ్ మీ' అని రాస్తే మీరు మోసం చేశారన్నట్టే ఉంటుంది. అక్కడ బాఫిల్ కూడా కాస్త కటువే. 'ఐ వాజ్ కన్‌ఫ్యూజ్‌డ్ బై పేజ్ త్రీ' అంటే చాలు.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ మాటల పక్కన వచ్చేదాంట్లో. 'దే హుడ్‌వింక్‌డ్ హిమ్ టు సైన్' తప్పు. 'ఇంటు సైనింగ్' అనాలి. ఆబ్‌ఫస్కేట్‌ అంటే అర్థం కాకుండా మసకబార్చడం, అది మనిషికన్నా విషయానికే ఎక్కువ అంటుతుంది. 'హీ ఆబ్‌ఫస్కేటెడ్ ద ఇష్యూ' సరే, 'హీ ఆబ్‌ఫస్కేటెడ్ ద ఓటర్స్' అనడం అరుదు.

తికమక మాటలు కొన్ని రాజకీయాల్లోనే పుట్టాయి. 1820లో అమెరికా కాంగ్రెస్‌లో మిస్సోరీ మీద చర్చ. ఓటింగ్ పెట్టేయండని సభంతా అరుస్తుంటే ఫీలిక్స్ వాకర్ అనే సభ్యుడు ఆపడే! తన బంకమ్ కౌంటీ కోసం మాట్లాడుతున్నానన్నాడు. అలా ఊకదంపుడుకి బంకమ్ అని పేరు పడింది. అది కురచై బంక్ అయింది, 1923లో దాన్నుంచి డీబంక్, అంటే బూటకాన్ని బయటపెట్టడం, పుట్టింది. గాబుల్డీగుక్ అనే మాట 1944లో మౌరీ మావెరిక్ అనే టెక్సస్ నాయకుడిది. ఆఫీసు కాగితాల్లో కొరుకుడుపడని భాష చూసి విసుగొచ్చి, టర్కీ కోడి అరుపులా ఉందని ఆ పేరు పెట్టాడు. పార్టీ గీత దాటేవాడిని మావెరిక్ అంటామే, అది ఈయన తాత ఇంటిపేరు. ఆ తాత పశువులకి ముద్ర వేయించేవాడు కాదు, అలా ముద్ర లేని పశువుకీ, తర్వాత ఏ మందలోనూ చేరని మనిషికీ ఆ పేరే అంటుకుంది.

ఇక ప్రచారం. తెలుగులో కాన్వాసింగ్ అంటే జెండాలూ మైకులూ అన్నీ కలిసిపోతాయి. ఇంగ్లీష్‌లో అంత విశాలం కాదు: ఇంటికెళ్లో, ఫోన్ చేసో, ఒక్కొక్కరినీ విడిగా అడగడమే కాన్వాసింగ్. బహిరంగ సభ ర్యాలీ కిందకి వస్తుంది. స్పెల్లింగ్‌లో చివర రెండు ఎస్‌లు. ఒక్క ఎస్ రాస్తే బొమ్మలేసే గుడ్డ. మడ్‌స్లింగింగ్ మనకి కొత్తేం కాదు, బురద చల్లడమే.

అన్నిటికన్నా ఇరుకున పెట్టేది కంటెస్ట్. 'హీ కంటెస్టెడ్ ద ఎలక్షన్' అంటే మనకి పోటీ చేశాడని. అదే ఒక అమెరికన్‌కి చెప్తే ఫలితం ఒప్పుకోక సవాలు చేశాడనుకుంటాడు. ఓడిపోయాడా పాపం అని కూడా అడగొచ్చు! అమెరికన్‌తో 'హీ రాన్ ఫర్ ద సెనేట్' అనండి. బ్రిటన్ వాళ్లతో అయితే 'షీ స్టుడ్ ఫర్ పార్లమెంట్'. ఒకరు పరిగెత్తుతారు, ఒకరు నిలబడతారు. రెండూ పోటీయే.