ఐయూఐలో ల్యాబ్, చెయ్యి, సమయం

అందరికీ నమస్కారం. ఐయూఐ అంటే వీర్యకణాలను క్యాథెటర్ అనే సన్నటి గొట్టంతో నేరుగా గర్భసంచిలోకి పంపే చికిత్స. ఆ మాట అనగానే చాలామంది దంపతులు నన్ను అడిగేది ఒకటే: "ఖరీదైన క్యాథెటర్ వాడితే గర్భం నిలుస్తుందా డాక్టర్ గారూ?" నిలుస్తుందని చెప్పలేనమ్మా. మెత్తటి గొట్టాన్నీ గట్టి గొట్టాన్నీ పోల్చి చూసిన పరిశోధనల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

18వ శతాబ్దం చివర్లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ సలహాతో ఒక బట్టల వ్యాపారి, వెచ్చచేసిన సిరంజితో భార్య యోనిలోకి వీర్యం ఎక్కించాడు. ఆమె గర్భవతి అయింది. ఇప్పుడు మనం నేరుగా గర్భసంచిలోకే వెళ్తున్నాం. అక్కడికి వీర్యాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే, అందులోని ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల వల్ల సంచి ముడుచుకుని విపరీతమైన నొప్పి వస్తుంది. అందుకే ల్యాబ్‌లో కడిగి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిరగిరా తిప్పి, చురుకైన వీర్యకణాలను వేరుచేసి, అర మిల్లీలీటరు ద్రవంలోకి తెస్తారు. నన్నడిగితే సగం వైద్యం ఆ ల్యాబ్ బల్ల మీదే జరుగుతుంది. శాంపిల్ ఇంటి నుంచి తెస్తే గంటలోపు, ఒంటి వెచ్చదనం తగిలేలా తీసుకురండి. ఉమ్మి, సబ్బు, నూనె తగలనివ్వకండి.

ఇక్కడున్న జూనియర్ డాక్టర్లకు ఒక మాట. మూత్రాశయం కాస్త నిండుగా ఉంటే, ముందుకు వంగిన గర్భసంచి కొంత తిన్నగా అవుతుంది, గొట్టానికి దారి సులువు. గర్భాశయ ముఖద్వారం దగ్గర అడ్డు తగిలిందా, తొయ్యొద్దు. ఆగి, కోణం మార్చి చూడండి. గొట్టం కొన సంచి పైభాగానికి తగిలితే లోపలి పొర గీసుకుని రక్తం వస్తుంది, సంచి ముడుచుకుంటుంది. సిరంజిని కూడా తొందర లేకుండా, మెల్లగా నొక్కాలి.

అండం విడుదల కావడానికి ఇచ్చే హెచ్‌సీజీ హార్మోన్ ఇంజెక్షన్ రాత్రి తొమ్మిదికి అంటే తొమ్మిదికే. దాదాపు 36 గంటల తర్వాత అండం విడుదలవుతుంది, విడుదలయ్యాక ఒక రోజుకు మించి బతకదు. ఆ లెక్క మీదే ఐయూఐ సమయం పెడతాం.

అత్తగార్లకు చేతులెత్తి మొక్కుతున్నాను. మెట్లెక్కింది, స్కూటరెక్కింది అని కోడలిని అనకండి. లేచి నడిస్తే లోపలికి వెళ్లిన కణాలు జారిపోవు.

అండం గర్భసంచికి చేరే దారులైన ఫెలోపియన్ ట్యూబులు మూసుకుపోయి ఉంటే ఏ గొట్టమూ, ఏ చెయ్యీ ఏమీ చెయ్యలేవు. కాబట్టి మొదటి సైకిల్‌కి, అంటే మొదటి విడత ఐయూఐకి ముందే భార్యకు ట్యూబ్ టెస్ట్, భర్తకు వీర్య పరీక్ష చేయించండి. మూడు నాలుగు సైకిళ్లు ఫలించకపోతే, వయసు 35 దాటితే ఇంకా ముందే, ల్యాబ్‌లోనే అండాన్ని ఫలదీకరణ చేసే ఐవీఎఫ్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి.