జ్యోత్స్న పేరు రాయలేని ఇంజిన్

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతి గారికి, అధ్యాపకులకు, పరీక్షలు దగ్గరపడుతున్నా ఓపికగా వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మాస్టారు చాలా ఉదారంగా మాట్లాడారు. మాది హైదరాబాదులో పదకొండు మంది పనిచేసే చిన్న గేమ్ స్టూడియో మాత్రమేనని మొదటే మనవి చేసుకుంటున్నాను. స్టూడియోలు గేమ్ ఇంజిన్‌ను, అంటే ఆటను తయారు చేయడానికీ నడపడానికీ వాడే మూల సాఫ్ట్‌వేర్‌ను, ఎలా ఎంచుకుంటాయో చెప్పమని నన్ను పిలిచారు. విద్యార్థులు సాధారణంగా నన్ను అడిగేది మాత్రం యూనిటీ అనే ఇంజిన్ నేర్చుకోవాలా, అన్‌రియల్ అనే ఇంజిన్ నేర్చుకోవాలా అని.

తెరపై నీళ్లు, వెలుగునీడలు ఎంత సహజంగా కనిపిస్తాయో చూసి ఇంజిన్‌ను ఎంచుకుంటారని బయటివారు అనుకుంటారు. స్టూడియో గదిలో జరిగే చర్చ వేరు. ఉన్న ప్రోగ్రామర్ రేపు మానేస్తే అతని స్థానంలో మరొకరు దొరుకుతారా, ఆటకు డబ్బు వస్తే అందులో ఎవరికి ఎంత కట్టాలి, ఇంజిన్‌లో లోపం బయటపడితే దాన్ని మనం దిద్దుకోగలమా లేక ఎవరో దిద్దేదాకా ఎదురుచూడాలా అన్నవే అక్కడ తేలవలసిన విషయాలు.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంగతి చూడండి. 2011లో వచ్చిన ‘ది విచర్ 2’ నుంచి ‘సైబర్‌పంక్ 2077’ దాకా ఆ సంస్థ తన సొంత రెడ్ ఇంజిన్‌నే వాడుకుంది. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ విడుదలైనప్పుడు ప్లేస్టేషన్ 4 వంటి పాత కన్సోళ్లపై అది ఎంతగా తడబడిందంటే, సోనీ దాన్ని కొన్ని నెలల పాటు తన స్టోర్ నుంచి తీసివేసింది. 2022 మార్చిలో ఆ సంస్థ తర్వాతి విచర్ ఆటను అన్‌రియల్ ఇంజిన్ 5 మీద చేస్తామని ప్రకటించింది. రెడ్ ఇంజిన్‌కు బొమ్మ చూపించడం రాక కాదు. సైబర్‌పంక్ నగరాన్ని చూసినవారెవరూ ఆ మాట అనరు. సొంత ఇంజిన్ ఉన్నచోట కొత్తగా చేరిన మనిషికి దాని పాఠం బయట ఎక్కడా దొరకదు. ఆటతో పాటు ఇంజిన్‌ను కూడా పెంచుకుంటూ పోవాలి. ఇల్లు కట్టుకుంటూ ఇటుకల బట్టీ కూడా మనమే నడపడం లాంటిదది.

పక్కవారి బట్టీతో వచ్చే ఇబ్బంది ఇంకొకటి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ వారి ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్‌ను స్వీడన్‌లోని డైస్ స్టూడియో ‘బ్యాటిల్‌ఫీల్డ్’ అనే తుపాకుల ఆట కోసం తయారు చేసింది. అదే సంస్థకు చెందిన, కెనడాలోని బయోవేర్ స్టూడియో దాని మీద కథాప్రధానమైన ఆటలు చేయవలసి వచ్చినప్పుడు, పాత్ర మోసుకెళ్లే వస్తువుల జాబితా, ఆటను సేవ్ చేసే ఏర్పాటు వంటి మామూలు సంగతులు కూడా కొత్తగా రాసుకోవలసి వచ్చింది.

ఇక 2023 సెప్టెంబరు 12. మీలో చాలామందికి ఆ తేదీ గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. ఆదాయం, ఇన్‌స్టాళ్లు ఒక హద్దు దాటిన తరువాత, ఆటను ఎవరైనా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతిసారీ గరిష్ఠంగా 20 సెంట్ల రుసుము కట్టాలని యూనిటీ ఆ రోజు ప్రకటించింది. అప్పటికే మార్కెట్లో ఉన్న ఆటలకు కూడా 2024 జనవరి 1 నుంచి అది వర్తిస్తుందన్నారు. ప్రకటనల మీద నడిచే ఉచిత ఆటకు ఒక్కో డౌన్‌లోడు మీద 20 సెంట్లు రావడమే కష్టమని మా రంగంలో అందరికీ తెలుసు. పది రోజుల్లో ఆ నిబంధనలను సడలించారు, అక్టోబరులో ఆ సంస్థ ప్రధాన కార్యనిర్వహణాధికారి తప్పుకున్నారు, 2024 సెప్టెంబరులో రుసుమునే పూర్తిగా రద్దు చేశారు. ఈలోగా ‘స్లే ది స్పైర్’ ఆటను తయారు చేసిన మెగా క్రిట్ స్టూడియో తన కొత్త ఆటను యూనిటీ నుంచి గొడో అనే ఉచిత ఇంజిన్‌కు మార్చుకుంది. రెండేళ్లకు పైగా చేసిన పనిని మరో ఇంజిన్‌లోకి మోసుకెళ్లడానికి ఒక స్టూడియో సిద్ధపడిందంటే, అది రుసుము మొత్తాన్ని చూసి మాత్రమే కాదు, నిబంధనలు రేపు మళ్లీ మారవన్న నమ్మకం పోయినందువల్ల.

ఇక్కడ లైసెన్సులను పోల్చే పట్టిక ఒకటి చూపించాలని తెచ్చాను. దాన్ని పక్కన పెట్టి, మా స్టూడియోలో జరిగిన సంగతి చెప్పడానికి అనుమతించండి, ఎందుకంటే దానికోసమే నేను ఇంత దూరం వచ్చాను.

కొన్నేళ్ల కిందట నలుగురం కలిసి పిల్లల కోసం తెలుగు పదాల ఆట ఒకటి మొదలుపెట్టాం. అప్పుడు మేము వాడిన ఇంజిన్ పేరు చెప్పను. ఆట మొదటి బిల్డ్‌ను, అంటే నడిపి చూసే రూపాన్ని, ఫోన్‌లో తెరిచేసరికి ‘శ్రీకాకుళం’ అన్న మాటలో క్రావడి విడిపోయి, పొల్లు శకారం ఒకచోట, దీర్ఘం ఉన్న రకారం మరొకచోట నిలబడ్డాయి. తెలుగు అక్షరాలు వరుసగా పేర్చితే సరిపోవు; ఏ హల్లు కింద ఏ ఒత్తు రావాలో, గుణింతం ఎక్కడ అతకాలో లెక్కగట్టే షేపింగ్ అనే పని ఇంజిన్ చేయాలి. ఆ ఇంజిన్ ఆ పని చేయలేదు. ఇంజిన్ మారుద్దామంటే మాలో ఇద్దరికి దాని భాష తప్ప మరొకటి రాదు, కొన్న ప్లగిన్లన్నీ (ఇంజిన్‌కు జోడించే అదనపు భాగాలు) దానివే, రెండు జీబీల మెమరీ ఉన్న ఫోన్‌లో నడిచే చిన్న బిల్డ్ అప్పట్లో మాకు దానితోనే సాధ్యమైంది. అందువల్ల డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్‌కు (అన్ని లిపుల అక్షరాలకు ఒకే సంకేత పద్ధతి) ముందు చేసిన పనే మేమూ చేశాం: ఒక్కొక్క సంయుక్తాక్షరానికి ఒక్కొక్క గుర్తు కేటాయించి, పెద్ద పట్టిక రాసుకుని, దానికి తగిన ఫాంట్ తయారు చేయించుకున్నాం. మూడు నెలలు పట్టింది.

ఆ తరువాత ఒక బడిలో ఆటను చూపించడానికి వెళ్లాం. మొదట పేరు టైపు చేయమని ఆట అడుగుతుంది. మూడో తరగతి పాప ఒకతె జ్యోత్స్న అని టైపు చేసింది. మా పట్టికలో రెండు హల్లుల సంయుక్తాలన్నీ ఉన్నాయి. త, స, న మూడూ కలిసే అక్షరం లేదు. తెరపై ఆమె పేరు చివర ఒక ఖాళీ డబ్బా కనిపించింది. పాప ఏమీ అనలేదు, దాన్ని చెరిపేసి ‘జ్యోతి’ అని రాసుకుని ఆట మొదలుపెట్టింది. పక్కనే ఉన్న టీచరు గారు మాత్రం, “ఏమండీ, తెలుగు ఆటే కదా ఇది?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నేను అడిగేది ఒక్కటే: ఇంజిన్ల పోలికలలో ఈ వరుస ఎందుకు ఉండదు? వెలుగునీడల గురించి పేజీలకు పేజీలు రాస్తారు, కోట్ల మంది రాసే లిపి సరిగ్గా వస్తుందా అన్నది ఎవరూ రాయరు. గొడో అర్జెంటీనాలో పుట్టి 2014లో ఓపెన్ సోర్స్ అయిన, అంటే కోడ్‌ను ఎవరైనా చదివి మార్చుకోగలిగేలా విడుదలైన, ఇంజిన్. 2023 మార్చిలో వచ్చిన దాని నాలుగో వెర్షన్‌లో అక్షరాల షేపింగ్‌కు హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీని చేర్చారు. మా స్టూడియో అప్పుడే దానికి మారింది. దాని లోటు దానికీ ఉంది: కన్సోల్ తయారీదారులు తమ సాధనాలను గోప్యతా ఒప్పందాల కింద ఇస్తారు కాబట్టి ఆ కోడ్‌ను బహిరంగంగా పెట్టడానికి వీలులేదు, కన్సోల్ మీద ఆట విడుదల చేయాలంటే బయటి సంస్థల సాయం తీసుకోవాలి. మేము చేసేది ఫోన్ ఆటలు కాబట్టి మాకు ఆ లోటు తగలలేదు. ప్లేస్టేషన్‌కు ఆట చేసే స్టూడియో ఇదే లెక్క వేసుకుని అన్‌రియల్‌కు వెళితే నేను తప్పుపట్టను.

కాబట్టి ఏది నేర్చుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: మీరు చేరదలచిన స్టూడియోలు ఏది వాడుతున్నాయో అదే నేర్చుకోండి, కానీ దాని సోర్స్ కోడ్ చదవడానికి వీలుంటే చదవండి. తెలుగు ఎక్కడ విరుగుతుందో చూసి ఆ లోపాన్ని వారికి రాయండి. మనం రాయకపోతే ఆ లోపం ఉన్నట్టు వారికి తెలిసే దారి లేదు.

ప్రశ్నలకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. వెనుక వరుసల్లో ల్యాప్‌టాప్‌లు తెరిచే ఉన్నాయని ఇందాకటి నుంచి గమనిస్తున్నాను. మీ దగ్గరున్న ఇంజిన్‌లో జ్యోత్స్న అని టైపు చేసి, ఏం కనిపించిందో ముందు నాకు చెప్పండి.