పప్పు ఉడక్కుండా పోపు పెట్టకండి: ట్యూబ్ ప్రీయాంప్ కొనేముందు

ఈ నెలలో ఇది నాలుగో ఫోన్. "అన్నా, స్టీరియోలో సౌండ్ చెవిలో గుచ్చుకుంటోంది, మంచి ట్యూబ్ ప్రీయాంప్ చెప్పు, కాస్త వామ్‌గా, అంటే వెచ్చగా మెత్తగా, వస్తుందట కదా" అని. స్పీకర్లు ఎక్కడ పెట్టావు, గదిలో ఏమున్నాయి అని అడిగితే అటునుంచి చప్పుడు ఉండదు. అందుకే ఈ వీడియో. ఇక ఎవరు ఫోన్ చేసినా లింకు పంపేస్తా.

ప్రీయాంప్ అంటే సీడీ ప్లేయర్‌కీ, స్పీకర్లను మోగించే పవర్ యాంప్‌కీ మధ్య ఉండే డబ్బా. అందులో పాతకాలపు గాజు వాల్వు, అదే ట్యూబ్, ఉంటే ట్యూబ్ ప్రీయాంప్. నా లెక్కలో అది పోపు. అంతే. పప్పు బాగా ఉడికి ఉంటే, ఆ చిన్న గరిటెడు పోపుతో ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. పప్పే పలుకుగా ఉంటే మాత్రం ఎంత ఇంగువ వేసినా పంటి కింద పలుకు తగులుతూనే ఉంటుంది. ఇక్కడ పప్పు అంటే మీ స్పీకర్లు, మీ గది. మన హాళ్లు ఎలా ఉంటాయి? కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క గాజు కిటికీ, ఎదురుగా ఖాళీ గోడ. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. వెనకాలే 'ట్రింగ్'మని తోక వచ్చిందా? మిమ్మల్ని గుచ్చుతున్నది అదే. ముందు కింద ఒక బొంతో తివాచీయో పరిచి, కిటికీకి మందపాటి కర్టెన్ వేసి, ఒక వారం వినండి. నలుగురిలో ఇద్దరు అక్కడే ఆగిపోయారు, మళ్లీ ఫోన్ చేయలేదు.

సరే, పప్పు ఉడికింది అనుకుందాం. అసలు ఈ పోపులో ఏముంది?

వాల్వు ఎర్రగా వెలుగుతుంది కాబట్టి సౌండ్ వెచ్చబడుతుంది అనుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఆ వెలుగు లోపలి హీటర్‌ది, దానికీ వామ్‌నెస్‌కీ సంబంధం లేదు. వాల్వు చేసేది వేరే పని: వచ్చిన స్వరానికి తనవైపు నుంచి కొంచెం కలుపుతుంది. 220 హెర్ట్జ్ దగ్గర ఎవరో షడ్జమం పట్టుకున్నారనుకోండి, ట్రయోడ్ (ఈ ప్రీయాంపుల్లో ఉండే రకం వాల్వు) దాని పక్కన సన్నగా 440 కూడా వినిపిస్తుంది. అంటే పై షడ్జమం. ఆ తర్వాత ఇంకా సన్నగా 660, అంటే పై స్థాయి పంచమం. స-ప-స, తంబురా శ్రుతి! అందుకే అది కల్తీ అయినా తియ్యగా ఉంటుంది. కానీ కల్తీయే, మోతాదు కూడా చాలా తక్కువ, మంచి డిజైన్‌లో నూటికి ఒక వంతు కూడా ఉండదు. పైగా ఒక్క గొంతుకో, ఒక్క వీణకో బాగున్న ఈ తీపి, ముప్ఫై వయొలిన్లు ఒకేసారి మోగే పాటకి వచ్చేసరికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దవుతుంది. పోపు ఎక్కువైతే తినేది పప్పు కాదు, నూనె.

(చేతిలో చిన్న డబ్బా, పైన వాల్వు)

ఇది చూడండి. చవకది, 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తుంది. లోపల విప్పి చూస్తే వాల్వు కింద నారింజ రంగు ఎల్ఈడీ! అసలు పని చేస్తున్నది పక్కనున్న చిన్న ఐసీ, అంటే చిప్పు. ఇది పోపు కాదు, పోపు ఫొటో. 12 వోల్టులకే పనిచేసే వాల్వులు 1950ల్లో కారు రేడియోల కోసం వచ్చిన మాట నిజమే, కానీ అవి వేరు. 12ఏయూ7 లాంటి వాల్వు సరిగ్గా పాడాలంటే ప్లేటుకు, అంటే లోపలి లోహపు పలకకు, 150 నుంచి 250 వోల్టులు కావాలి. కాబట్టి మొదట అడగాల్సింది ప్లేటు వోల్టేజి. అమ్మేవాడికి తెలియకపోతే దణ్ణం పెట్టి వచ్చేయండి.

రెండోది గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది. 12ఏఎక్స్7 బలం 100, 12ఏయూ7 బలం సుమారు 20. ఎక్కువున్నదే గొప్పదని అందరూ మొదటిదానికే ఎగబడతారు. మీ సీడీ ప్లేయర్ ఎలాగూ 2 వోల్టులు ఇస్తోంది, చాలా పవర్ యాంపులు ఒకటి రెండు వోల్టులకే ఫుల్ గొంతు ఎత్తేస్తాయి. దాన్ని ఇంకో పది రెట్లు పెంచి ఏం చేస్తారు? వాల్యూమ్ కాస్త తాకగానే ఇల్లు అదురుతుంది, వెనకాల 'స్‌స్' మనే హిస్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. 12ఏయూ7 చాలు, 6ఎస్ఎన్7 అనే ఇంకో వాల్వు అయితే నాకు ఇంకా ఇష్టం.

మూడోది ఎవరూ చూడరు, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ప్రీయాంప్ బయటికి వచ్చే చోట ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 0.47 మైక్రోఫారడ్ అయి, మీ పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అది అడ్డుపడే కొలత) 10 కిలో ఓమ్‌లు అయితే, 34 హెర్ట్జ్ దగ్గరికే బేస్ 3 డీబీ, అంటే పవర్‌లో సగం, పడిపోతుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్, దానికీ దెబ్బ తగులుతుంది. అదే ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లు అయితే ఆ పడిపోయే చోటు 7 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, గొడవ లేదు. అంటే వామ్‌నెస్ కోసం డబ్బు పెట్టి సౌండ్‌ని పల్చన చేసుకున్నవాళ్లు ఉన్నారు! మీ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌కి కనీసం పదిరెట్లు ఉండాలి. కొనేముందు రెండు మాన్యువళ్లూ తెరవండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తా. ఇంటిగ్రేటెడ్ యాంప్ (ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ ఒకే డబ్బాలో) ఉన్నవాళ్లు ఆక్స్ ఇన్‌పుట్‌లో పెట్టుకోవచ్చు, కానీ లోపలి ప్రీయాంప్ పక్కకి పోదు, అదీ పనిచేస్తూనే ఉంటుంది, అలాంటప్పుడు గెయిన్ లేని ట్యూబ్ బఫర్ చాలు. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు వెనక వోల్టేజి చదవండి. మా బావ 120 వోల్టులది సూట్‌కేసులో మోసుకొచ్చి నేరుగా మన 230లో గుచ్చాడు, పాట కంటే ముందు వాసన వచ్చింది. పాత వాల్వుల కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే, అదృష్టం ఉంటే బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు దొరకొచ్చు. కానీ కొత్త జేజే కంపెనీ వాల్వులతో మొదలుపెట్టండి, స్లొవేకియావి, నమ్మకంగా ఉంటాయి. మూత మాత్రం విప్పకండి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో వోల్టేజి నిలిచి ఉంటుంది, కొడితే మామూలుగా ఉండదు.

కొనేటప్పుడు ఇంకొక్క పరీక్ష. పెన్సిల్ వెనక్కి తిప్పి, రబ్బరు వైపుతో వాల్వు మీద మెల్లగా... వినండి.

(స్పీకర్లో 'టంగ్')

తట్టితే వాల్వు ఎంత మోగుతుందో చూడటమే ఇది. ఈమాత్రం పర్వాలేదు. గుడి గంటలా చాలాసేపు మోగితే ఆ వాల్వు మార్చమని అడగండి. ఇక ఆపేస్తున్నా. ముందు పవర్ యాంప్ ఆఫ్... ఇప్పుడు ప్రీయాంప్ ఆఫ్. తిరగేసి చేస్తే స్పీకర్లో 'ధబ్' మంటుంది, మా ఇంట్లో పిల్లాడు నిద్రపోతున్నాడు.