గోడ మీది పదకొండు పనులు

అందరికీ నమస్కారం.

నాలుగేళ్ల కిందట మా గది గోడకి ఒక కాగితం అంటించాను. అందులో పదకొండు పనులు. ఐదింటికి లేవడం, ధ్యానం, వ్యాయామం, డైరీ రాయడం, ఇరవై పేజీలు చదవడం, చన్నీళ్ల స్నానం... మిగతావి చెబితే నవ్వుతారు. మొదటి నాలుగు రోజులూ యుద్ధానికి బయల్దేరుతున్నట్టు లేచాను. ఎనిమిదో రోజు రాత్రి మా పిల్లాడికి జ్వరం వచ్చింది. మూడింటి దాకా నిద్ర లేదు. ఐదింటికి అలారం మోగితే నొక్కేసి మళ్లీ పడుకున్నాను. ఏడింటికి లేచేసరికి ఎదురుగా అదే కాగితం, నన్ను నిలదీస్తున్నట్టు. నన్ను నేను చూసుకోవాలని రాసుకున్న కాగితమే పొద్దున్నే నాకు మొదటి చీవాట్లు పెట్టింది. ఆరోజే దాన్ని చింపేశాను.

ఈరోజు నేను మాట్లాడేది ఆ కాగితం గురించే. సెల్ఫ్ కేర్ పేరుతో మన నెత్తిన మనమే ఎక్కించుకునే ఇంకో డ్యూటీ గురించి.

ముందు ఒక చిన్న విషయం. మనం లేచినంత మాత్రాన మెదడు లేవదు. కళ్లు తెరిచాక పావుగంట నుంచి అరగంట దాకా మత్తు ఉంటుంది. దీన్ని స్లీప్ ఇనర్షియా అంటారు. నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. మరోపక్క లేచిన ముప్పై, నలభై ఐదు నిమిషాల్లో కార్టిసాల్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది. స్ట్రెస్ హార్మోన్ అని దానికి చెడ్డపేరు వచ్చింది కానీ, పొద్దున మనల్ని పనిలోకి దించడానికి సాయం చేసేవాటిలో అదీ ఒకటి. అంటే ఆ మొదటి అరగంటలో శరీరం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. ఆ టైంలో పెద్ద నిర్ణయాలు తీసుకోకండి, ఎవరికీ ఘాటుగా రిప్లై ఇవ్వకండి. లేవగానే బద్ధకంగా ఉందని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం కూడా అనవసరం.

ఇక ఆ అరగంటలో మనం నిజంగా చేసేదేమిటో చూద్దాం. అలారం మోగుతుంది. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఆపుతాం. వేలు అక్కడితో ఆగదు. పైన ఎర్ర చుక్క కనిపిస్తుంది, నొక్కుతాం. గ్రూపులో ఎవరో ఏదో అన్నారు. ఆఫీసు నుంచి రాత్రి పదకొండున్నరకి మెయిల్ వచ్చింది. ఎవరో ఎక్కడికో టూర్ వెళ్లారు, ఫొటోలు. మనమింకా దుప్పటి కూడా తీయలేదు. అప్పటికే ముగ్గురి కోపం, ఇద్దరి సంతోషం, ఒక టెన్షన్ మన మంచం మీదికి వచ్చి కూర్చున్నాయి. ఇరవై ఐదు నిమిషాలు పోయాయి, మెడ పట్టేసింది. దీన్ని ఆపడానికి మనోబలంతో పని లేదు. ఒక మామూలు అలారం గడియారం కొనుక్కుని ఫోన్ పక్క గదిలో పెడితే చాలు. నా పద్ధతి మొత్తంలో డబ్బు ఖర్చయ్యేది ఇదొక్కటే.

రెండోది వెలుతురు. నన్నడిగితే అన్నిటికన్నా విలువైనది ఇదే, మనం అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేదీ ఇదే. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో కనుక్కున్నందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. చాలామందిలో ఈ గడియారం రోజు ఇరవై నాలుగు గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ. వదిలేస్తే రోజూ కాస్త కాస్త వెనక్కి జరుగుతూ పోతుంది. దాన్ని సరిచేసేది ముఖ్యంగా వెలుతురే. బొమ్మలు చూడటానికి కాకుండా వెలుతురు ఎంతుందో కొలిచి మెదడుకి చెప్పడానికే మన కంటి రెటీనాలో కొన్ని కణాలు ప్రత్యేకంగా ఉన్నాయి.

గదిలో లైటు వేశాం కదా, చాలదా అంటారు. మన కంటికి గది వెలుతురుగానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో లైటు మహా అయితే కొన్ని వందల లక్స్. మబ్బు పట్టిన రోజున కూడా బయట కొన్ని వేల లక్స్ ఉంటుంది. అందుకే లేచిన గంటలోపు పది, పదిహేను నిమిషాలు బయట నిలబడండి, లేదా నడవండి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడొద్దు. పొద్దున వెలుతురు తగిలితే రాత్రి నిద్ర కూడా వేళకి వస్తుంది.

రాత్రి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. పన్నెండింటికి పడుకుని ఐదింటికి లేచి ధ్యానం చేసేవాళ్లని చూసి నేను మెచ్చుకోను, పడుకోమంటాను. ఐదింటికి లేవడంలో ప్రత్యేకమైన పుణ్యమేమీ లేదు. కొందరు పుట్టుకతోనే పొద్దున్నే చురుగ్గా ఉంటారు, కొందరికి రాత్రిళ్లు బుర్ర బాగా పనిచేస్తుంది. ఇందులో జన్యువుల పాత్ర కూడా ఉంది. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి మధ్యాహ్నం మూడింటికి తెల్లవారొచ్చు. అలాగే, చాలినంత పడుకున్నా వారాల తరబడి లేవగానే నీరసంగా, దేని మీదా మనసు లేకుండా ఉంటే అలవాట్లు మార్చుకుంటూ కూర్చోకండి, డాక్టర్‌ని కలవండి. థైరాయిడ్ కావచ్చు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య కావచ్చు, డిప్రెషన్ కావచ్చు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని మీరూ వినే ఉంటారు. ఆ లెక్క 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లని గమనించి రాసిన మాట నుంచి వచ్చింది. కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన అన్నారు. ఆ ‘కనీసం’ దారిలో ఎక్కడో రాలిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి పట్టిన కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. నాకు ఊరటనిచ్చింది మాత్రం వేరే సంగతి. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. నేను ఆ తొమ్మిదో రోజున కాగితం చింపేశాను కదా, అంత అవసరమే లేదన్నమాట.

ఒకసారి ఇలాగే మాట్లాడి దిగాక ఒకావిడ వచ్చారు. కవల పిల్లల తల్లి. ‘మీరు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయండీ, నాకు ఒంటరిగా దొరికేది బాత్రూం గడియ పెట్టుకున్నప్పుడే. అప్పుడు కూడా తలుపు కొడుతూనే ఉంటారు’ అన్నారు. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ ప్రశ్నే సరైన కొలత అనిపించింది. జ్వరం వచ్చిన పిల్లాడు పక్కన ఉన్న రోజున కూడా చేయగలిగినదే మన అసలు రొటీన్. మిగతావి తీరిక ఉన్న రోజున కలుపుకోవచ్చు. ఆవిడకి మూడు నిమిషాలే దొరికితే ఆ మూడు నిమిషాలు ఫోన్ లోపలికి తీసుకెళ్లకపోవడమే ఆవిడ సెల్ఫ్ కేర్.

నావి ఇప్పుడు మూడే పనులు. లేవగానే మంచం పక్కన రాత్రే పెట్టుకున్న గ్లాసుడు నీళ్లు తాగుతాను. పళ్లు తోముకుని, బ్రష్ పక్కన పెట్టగానే చెప్పులేసుకుని బయటికి వెళ్తాను. ఎలాగూ చేసే పనికి కొత్త పనిని ముడిపెడితే దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తిరిగొచ్చి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను. దాన్ని ధ్యానం అనను, అంటే మళ్లీ సరిగ్గా చేస్తున్నానా లేదా అని మొదలవుతుంది. ఒక్కోరోజు ఆ ఐదు నిమిషాలూ గ్యాస్ బిల్లు గురించే ఆలోచిస్తాను.

డైరీ, ఇరవై పేజీలు వారానికి రెండు మూడుసార్లు వాటంతటవే వస్తున్నాయి. చన్నీళ్ల స్నానం మాత్రం మళ్లీ చేయలేదు, చేయను కూడా. ఇక మీరు అడగండి.