పోగుచేసిన చేతులకే పద్దు మీద మాట

పెద్దలకు, సోదరీమణులకు నమస్కారం.

సేవా నిధి కోసం మన మండలి జరిపే కార్యక్రమాల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. చాలా ఏళ్లు కోశాధికారిగా ఉన్నదాన్ని కాబట్టి లెక్కల గురించే మాట్లాడతాను. కానీ ముందు కాకినాడ సంగతి ఒకటి చెప్పాలి.

1921లో గాంధీజీ ఆ ఊరు వస్తున్నారని తెలిసి, పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయి ఒక పట్టు పట్టింది. తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరు పొందింది ఆమే. ఆయన దేవదాసీలతోనూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలతోనూ విడిగా మాట్లాడాలని అడిగింది. ఐదు వేల రూపాయల నిధి సమర్పిస్తే కొన్ని నిమిషాలు కేటాయిస్తామన్నారు నిర్వాహకులు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మొత్తమో ఆలోచించండి. ఆ డబ్బును దేవదాసీ స్త్రీలే కూడగట్టారు. సభ జరిగింది. గాంధీజీ అనుకున్న సమయం దాటినా అక్కడే ఉండిపోయారు. వచ్చిన స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు.

దీన్ని మనం త్యాగానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. నన్ను కదిలించేది మాత్రం మరొకటి. ఊరు చిన్నచూపు చూసిన ఆ స్త్రీలు డబ్బు చేతికిచ్చి పక్కకు తప్పుకోలేదు. ఆ డబ్బుతో తమ కోసం ఒక సభ సాధించుకున్నారు.

రెండేళ్ల తర్వాత, 1923లో, కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శనకు దుర్గాబాయి ద్వారం దగ్గర వాలంటీరు. టికెట్ లేకుండా వచ్చిన నెహ్రూను ఆపింది. నిర్వాహకులు ఆయనకు టికెట్ కొన్న తర్వాతే లోపలికి పంపింది. మనం టికెట్లు అచ్చు వేయించిన ప్రతిసారీ నాకు ఆ ద్వారం గుర్తొస్తుంది. ముందు వరుసలు ఉచిత పాసులవారికి, వెనక కుర్చీలు డబ్బిచ్చినవారికి అన్న పద్ధతి మనకు తగదు. ఆసుపత్రిలో ఉన్న ఒక పేద తల్లి మందుల కోసం అమ్ముతున్న టికెట్ అది. దాన్ని కొనడం ఎంత పెద్దవారికైనా గౌరవమే.

ఒక సంవత్సరం మనం సంగీత సభ పెట్టాం. హాలు నిండింది, పాట బాగుంది, అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు షామియానా, మైకు, వేదిక అలంకరణ, శాలువాలు, జ్ఞాపికలు, అన్నిటి బిల్లులూ కట్టాక రోగులకు మిగిలింది చాలా తక్కువ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టికెట్ కొన్నవారికి మనం ఇచ్చిన మాట తప్పినట్టే అనిపించింది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. హాలు అద్దె, మైకు ఖర్చు ఎవరు భరిస్తారో తేలాకే టికెట్ పుస్తకాలు బయటికి తీస్తాం. టికెట్ డబ్బు మొత్తం నిధికే వెళ్తుంది. శాలువాల విషయంలో ఇంకా కొందరికి మొహమాటం ఉంది. మానేద్దామనే నా అభిప్రాయం.

మన పద్దులో ఎన్నడూ రాయని ఖర్చు ఒకటుంది. అమ్మకాల రోజున ఒకరు సంచులు కుట్టి తెస్తారు, ఒకరు పచ్చళ్లు పెట్టి తెస్తారు. గుడ్డ, నూనె, సీసాలు, ఆటో చార్జీ అన్నీ వారి ఇంటి డబ్బే. సాయంత్రానికి మిగిలిన సరుకును కూడా వారే కొనుక్కుంటారు. పుస్తకంలో అమ్మకం సొమ్ము ఒక్కటే పడుతుంది. మూడు రాత్రులు మిషను ముందు కూర్చున్న మనిషి ఎక్కడా కనిపించదు. ఇది మనమే మన పనిని తక్కువ చేసుకోవడం. ఎవరు ఏ సామాను తెచ్చారో, దాని విలువ ఎంతో, ఎన్ని గంటలు పనిచేశారో ఈ ఏడాది నుంచి రాద్దాం. తిరిగి ఇవ్వడానికి కాదు. మండలికి ఏది ఎక్కడినుంచి వచ్చిందో నిజంగా తెలియడానికి. ఇంటి ఖర్చులో కోత పెట్టుకుని ఇస్తున్నవారు మనలో ఎందరో అప్పుడు బయటపడుతుంది. వారి మీద భారం తగ్గించే దారి కూడా వెతకవచ్చు.

ఆ దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. పరీక్షలకు కట్టే స్త్రీలకు పాఠాలు చెప్పడంతో మొదలైన పని ఆసుపత్రుల దాకా, అధ్యాపక శిక్షణ దాకా పెరిగింది. పాఠాలు చెప్పిన దుర్గాబాయే ఆ పనిని ముందుండి నడిపించారు.

మన దగ్గర అలా జరగడం లేదు. ఈ మాట కష్టంగానే చెబుతున్నాను. స్టాళ్ల దగ్గర ఎండలో నిలబడేది ఇరవై మంది. డబ్బు ఎవరికివ్వాలో తేల్చేది నలుగురం, అదీ ఫోనులో. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. చెక్కు అందించే రోజున వేదిక మీద ఉండేదీ మేమే. ఇరవై మందిలో ఒకామె మొన్న నన్ను అడిగింది: "అక్కా, పోయినేడు డబ్బు తీసుకున్న ఆ పిల్ల ఇప్పుడు ఎలా ఉంది?" నా దగ్గర జవాబు లేదు. రసీదు ఉంది, పిల్ల కబురు లేదు.

అందుకే సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. సహాయం ఎవరికో నిర్ణయించే సంఘంలో సగం మంది స్టాళ్లలో పనిచేసినవారు ఉండాలి. సహాయం అందుకున్న ప్రతి ఇంటికీ ఆరు నెలలలోపు వారిలో ఇద్దరు వెళ్లి, చూసి వచ్చి, ఇక్కడ చెప్పాలి. మొదట ఆ పిల్ల ఇంటికి వెళ్దాం. వచ్చే ఆదివారం నేను బయలుదేరుతున్నాను, తోడు ఒకరు కావాలి.