మీ కౌంటీ మ్యాప్‌లో ఎర్రగా ఉందా? ముందు ఎంతమంది బిడ్డల లెక్కో అడగండి

[తెరపై: వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్. టెక్సాస్ మ్యాప్, పడమటి వైపు ఒక చిన్న కౌంటీ ముదురు ఎరుపులో]

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. మా ఊరి వైపు కుర్రాడే, కొత్త ఉద్యోగానికి డాలస్ వదిలి పడమటి టెక్సాస్‌లో ఒక చిన్న కౌంటీకి (మన జిల్లా లాంటిదనుకోండి) మారుతున్నాడు, భార్యకి ఐదో నెల. "అన్నా, నీకో ఫొటో పంపా చూశావా? శిశు మరణాల్లో మేం వెళ్లే కౌంటీయే టాప్‌లో ఉందంట, మా అత్తయ్య గుంటూరు నుంచి ఒకటే ఫోన్లు, ఉద్యోగం వద్దు ఏం వద్దు వెనక్కి వచ్చేయమంటోంది." నాకు వచ్చిన స్క్రీన్‌షాట్ ఇదే. చూడగానే నేనడిగింది ఒక్కటే: ఆ కౌంటీలో ఏడాదికి ఎన్ని కాన్పులవుతాయిరా అని. వాడికి తెలీదు. ఆ మ్యాప్ మీద కూడా ఎక్కడా లేదు.

ఆ లేని అంకె గురించే ఈ వీడియో.

[తెరపై: ఖాళీ తెల్ల కాగితం, పెన్నుతో రాస్తున్న చెయ్యి]

శిశు మరణాల రేటు అంటే ప్రాణంతో పుట్టిన ప్రతి 1,000 మందిలో ఏడాది నిండకుండా చనిపోయినవాళ్లు ఎంతమంది అని. అమెరికా మొత్తం మీద 2022లో అది సుమారు 5.6. ఇప్పుడు ఒక చిన్న కౌంటీ తీసుకుందాం, ఏడాదికి 200 కాన్పులు అనుకోండి, లెక్క కోసమే. ఒక ఏడాది ఒక్క బిడ్డ కూడా పోలేదు, రేటు సున్నా, దేశంలోనే గొప్ప కౌంటీ! మరుసటేడు ఒకరు పోయారు, రేటు 5. ఆ పై ఏడాది ఇద్దరు, రేటు 10, అంటే దేశ సగటుకి దాదాపు రెట్టింపు, మ్యాప్‌లో ముదురు ఎరుపు. ఈ మూడేళ్లలో ఆ ఊళ్లో డాక్టర్లు మారలేదు, నీళ్లు మారలేదు, ఏమీ మారలేదు.

సరిగ్గా దేశ సగటులో ఉన్న 200 కాన్పుల కౌంటీకి కూడా సుమారు మూడేళ్లకోసారి సున్నా వస్తుంది, మూడేళ్లకోసారి ఒకటి వస్తుంది, మూడేళ్లకోసారి రెండో అంతకన్నా ఎక్కువో వస్తుంది, లెక్క వేసి చూసుకోవచ్చు. అందుకే ఏ ఏడాది చూసినా జాబితాలో మొదటి స్థానాల్లోనూ చిట్టచివరా చిన్న కౌంటీలే కనిపిస్తాయి. పెద్ద కౌంటీలు పాపం మధ్యలో బుద్ధిగా కూర్చుంటాయి, వాటి అంకె ఊగదు కాబట్టి.

అలాగని పోయిన ఆ ఇద్దరు బిడ్డలు లెక్కలోకి రారని కాదు. ఆ ఇళ్లలో ఏం జరిగిందో విడిగా, కేసు కేసుకీ కూర్చుని చూడాల్సిందే. కానీ రేటు పేరుతో రంగు పూసి ఊరంతటికీ అంటగట్టడం వేరే సంగతి.

ఇక తల్లుల లెక్క ఇంకా చిత్రం. మాతృ మరణం అంటే గర్భంతో ఉండగా గానీ, కాన్పుతోనో మరోలానో గర్భం ముగిసిన 42 రోజుల్లోపు గానీ, గర్భానికి సంబంధించిన కారణంతో పోవడం. దీన్ని 1,000కి కాదు, లక్ష కాన్పులకి చెప్తారు, అంత అరుదు. అమెరికాలో 2023లో 669 మంది, లక్షకి 18.6. మన 200 కాన్పుల కౌంటీలో ఇదే రేటున ఒక్క తల్లి పోవాలంటే సగటున 27 ఏళ్లు పడుతుంది. ఆ ఒక్కటి జరిగిన ఏడాది రేటు ఎంతో తెలుసా? లక్షకి 500! మిగతా 26 ఏళ్లు సున్నా. ఏడాదికి 10,000 కాన్పులయ్యే పెద్ద కౌంటీకి కూడా ఏడాదికి ఇద్దరు లోపే. కాబట్టి "మా కౌంటీ మాతృ మరణాల రేటు, ఈ ఏడాది" అని ఎవరైనా ఒక అంకె చూపిస్తే నేను అక్కడే ఆగిపోతా, చదవను.

[తెరపై: సీడీసీ వండర్ పేజీ, ఒక గడిలో అంకె బదులు "దాచాం" అన్న మాట]

అమెరికాలో జనన మరణాల లెక్కలు ఎవరైనా చూసుకోవడానికి సీడీసీ (అక్కడి కేంద్ర ప్రజారోగ్య సంస్థ) వాళ్ల వండర్ అనే సైట్ ఉంది. అందులోకి వెళ్లి మన కుర్రాడి కౌంటీ పేరు వెతికితే దొరకదు. పుట్టుకల లెక్కలో లక్ష జనాభా దాటిన కౌంటీలకే పేరు ఉంటుంది, శిశు మరణాల లెక్కలో అయితే రెండున్నర లక్షలు దాటాలి. మిగిలినవన్నీ రాష్ట్రానికో మూటగా కట్టి "గుర్తించని కౌంటీలు" అని పడేస్తారు. పది కంటే తక్కువ ఉన్న అంకెని అసలు చూపించరు, ఎందుకంటే చిన్న ఊళ్లో "ఒకటి" అని వేస్తే అది ఎవరి బిడ్డో ఊరందరికీ తెలిసిపోతుంది. ఇరవై మరణాల లోపు ఉంటే రేటు పక్కన నమ్మదగ్గది కాదు అని వాళ్లే రాస్తారు. అంత జాగ్రత్తగా వాళ్లు మూసిన దాన్ని ఎవరో ఎక్కడి నుంచో తెచ్చి రంగులేసి వాట్సాప్‌లో తిప్పుతున్నారు.

ఇండియాలో మన దగ్గరా ఇదే గొడవ ఉంది, కాకపోతే ఇక్కడ లెక్కలేసేవాళ్లు ఇంకాస్త పైన, రాష్ట్రం దగ్గరే ఆపేశారు. ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల మీద కేంద్ర ప్రభుత్వం చేసే నమూనా సర్వే) లెక్కల్లో 2018-20కి మాతృ మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో లక్షకి 45, తెలంగాణలో 43. చూడండి, రాష్ట్రం మొత్తానికి, అదీ మూడేళ్లు కలిపితేగానీ ఒక అంకె చెప్పడానికి ధైర్యం చాలలేదు. జిల్లాకి విడిగా లేదు.

[తెరపై: ఆస్పత్రి గది, క్లిప్‌బోర్డు మీద ఫారం]

ఇంతకీ ఈ అంకెలు ఎక్కడ పుడతాయి? ఇక్కడ నా సొంత కథ కొంచెం చెప్పాలి. మా పాప పుట్టిన రెండో రోజు ఒకావిడ వచ్చి ఒక ఫారం ఇచ్చి వెళ్లింది. ఇద్దరికీ నిద్ర లేదు. మా ఆవిడ కళ్లు మూసుకునే సమాధానాలు చెప్తోంది, నేను రాస్తున్నా: చదువు ఎంత, గర్భానికి ముందు బరువు ఎంత, సిగరెట్లు తాగేవారా (దానికి మాత్రం ఆవిడ కళ్లు తెరిచింది), డబ్ల్యూఐసీ (తక్కువ ఆదాయం ఉన్న తల్లీబిడ్డలకి ప్రభుత్వ ఆహార పథకం) నుంచి ఆహారం తీసుకున్నారా, ఇల్లు సిటీ పరిధి లోపలా బయటా. కౌంటీ అన్న గడి దగ్గర డాలస్ అని రాసేశా. నిద్రమత్తులోనే ఆవిడ అంది, "మనది కాలిన్ కదండీ" అని. కొట్టేసి మళ్లీ రాశా. అమెరికాలో కౌంటీ స్థాయి మాతా శిశు సూచికల్లో చాలావరకు ఇలాంటి ఫారాల్లోంచి, ఆస్పత్రి వాళ్లు నింపే ఇంకో ఫారంలోంచి వచ్చినవే. మొదటి చెకప్ ఎన్నో నెలలో అయింది, ఎన్ని వారాలకి పుట్టింది, ఎన్ని గ్రాములు, అన్నీ అందులోనే.

లెక్క పడేది కూడా తల్లి ఇల్లు ఉన్న కౌంటీలోనే, కాన్పు అయిన చోట కాదు. మన కుర్రాడి భార్య ఆ వైపు పెద్ద ఊరు లబ్బాక్ వెళ్లి కన్నా ఆ బిడ్డ వాళ్ల చిన్న కౌంటీ ఖాతాలోనే పడుతుంది.

మా పాప బరువు 5 పౌండ్ల 7 ఔన్సులు. గ్రాముల్లో 2,466. గీత 2,500 దగ్గర ఉంది, దానికి లోపు ఉంటే "బరువు తక్కువ" అని లెక్క. నెలలు నిండే పుట్టింది, గట్టిగా ఏడ్చింది, పాలు బాగా తాగింది, అయినా ఆ ఏడాది మా కౌంటీ బరువు తక్కువ శాతంలో మా పిల్ల కూడా ఉంది. వాళ్ల అమ్మమ్మ వీడియో కాల్‌లో చూసి "గుప్పెడంత ఉందేంటమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది, అది వేరే. ఇండియాలో పుట్టి ఇక్కడ కనే తల్లుల్లో ఇది మామూలే. చదువు ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది, మొదటి మూడు నెలల్లోనే చెకప్‌కి వెళ్తారు, అయినా బిడ్డలు తక్కువ బరువుతో పుడతారు, కానీ మరణాలు తక్కువ. కాలిఫోర్నియా లెక్కల మీద 2003లోనే దీని గురించి రాశారు. మన వాళ్లు ఎక్కువున్న కౌంటీలో బరువు తక్కువ శాతం చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

పుట్టుక ఫారంలో నేను చేసింది చిన్న తప్పు. చావు ఫారంలో తప్పు పడితే ఏమవుతుందో చూడండి. 2003లో డెత్ సర్టిఫికెట్ నమూనాలో ఒక గడి చేర్చారు, చనిపోయిన ఆడమనిషి గర్భవతా, ఈ మధ్య గర్భంతో ఉండేదా అని. ఆలోచన మంచిదే, అంతకు ముందు చాలా మరణాలు లెక్కలోకి రాకుండా పోయేవి. కానీ రాష్ట్రాలు ఒక్కొక్కటిగా, ఏళ్ల తరబడి సాగదీస్తూ చేర్చుకున్నాయి, పైగా తప్పు టిక్కులు. 85 దాటిన బామ్మల సర్టిఫికెట్లలో కూడా గర్భవతి అని పడింది! టెక్సాస్ సంగతి అన్నిటికంటే పెద్దది. 2012లో 147 మాతృ మరణాలు అని లెక్క తేలి, ప్రపంచమంతా టెక్సాస్ గురించి రాశారు. తర్వాత ఒక్కో కేసూ మెడికల్ రికార్డులతో సరిపోల్చి చూస్తే తేలింది 56. ఎలక్ట్రానిక్ ఫారంలో పొరపాటున ఎంచుకున్న ఆప్షనే చాలావాటికి కారణమై ఉంటుందని 2018లో ఆ పరిశోధకులు రాశారు. ఒక పెద్ద రాష్ట్రం అంకెకే ఈ గతి పడితే కౌంటీ అంకెని ఏమనాలి?

అయితే ఇది విని "అంతా లెక్కల తప్పే, సమస్యే లేదు" అనేవాళ్లు తయారవుతారు, వాళ్లంటే నాకు ఒళ్లు మంట. 2023లో నల్లజాతి తల్లుల్లో లక్షకి 50.3, తెల్లజాతి తల్లుల్లో 14.5. ఇదేమీ మౌస్ జారి వచ్చింది కాదు. మిసిసిపీలో 2024 శిశు మరణాల రేటు 9.7 తేలాక 2025 ఆగస్టులో అక్కడి ఆరోగ్య శాఖ పబ్లిక్ హెల్త్ ఎమర్జెన్సీయే ప్రకటించింది. అది రాష్ట్రం మొత్తం లెక్క, ఇద్దరు ముగ్గురితో ఊగేది కాదు.

[తెరపై: టెక్సాస్ మ్యాప్, బ్రూస్టర్ కౌంటీ మీద వృత్తం]

మరి చిన్న కౌంటీకి ఏం చూడాలి? నన్నడిగితే మరణాల రేటు చూడాలంటే ఐదేళ్లో ఏడేళ్లో కలిపి చూడాలి, లేదంటే ఊగని వాటిని చూడాలి. ఊగనిది అంటే, కాన్పు చేసే చోటు ఉందా లేదా. మార్చ్ ఆఫ్ డైమ్స్ అనే సంస్థ 2024లో లెక్క తీసింది. కాన్పు చేసే ఆస్పత్రి గానీ బర్త్ సెంటర్ గానీ, కాన్పు చేసే డాక్టర్ గానీ మిడ్‌వైఫ్ గానీ ఒక్కరు కూడా లేని కౌంటీలు 1,104. దేశంలోని కౌంటీల్లో నూటికి 35. ఇందులో కూడా తిరకాసు ఉంది, పక్క కౌంటీ ఆస్పత్రి మీ ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండొచ్చు, మీ సొంత కౌంటీలో ఉన్నది గంటన్నర దూరంలో ఉండొచ్చు. ఈ బ్రూస్టర్ చూడండి, మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కంటే పెద్దది, జనం 10,000 లోపే. "కౌంటీలో ఆస్పత్రి ఉంది" అన్న మాటకి ఇక్కడ అర్థమేముంది?

అందుకే ఆ రాత్రి మ్యాప్ పక్కన పెట్టించి మన కుర్రాడి చేత వేరేవి వెతికించా. టెక్సాస్‌లో కాన్పులు చేసే ఆస్పత్రులకి తల్లి వైపు ఒక లెవెల్, బిడ్డ వైపు ఒక లెవెల్ ఇస్తారు, 1 నుంచి 4 వరకు, 4 అంటే అన్నీ ఉన్న చోటు. ఏడాదిలోపు పోయే పిల్లల్లో మూడింట రెండొంతుల మంది మొదటి 28 రోజుల్లోనే పోతారు, కాబట్టి నెలలు నిండకుండా నొప్పులొస్తే ఏ లెవెల్ ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరగలం అన్నది ఆ ఎర్ర రంగు కంటే పనికొచ్చే ప్రశ్న. దగ్గర్లో లెవెల్ 1 ఒకటి నలభై నిమిషాలు, పెద్దది గంటా ముప్పావు అని తేలింది. డెలివరీ ఎవరు చేస్తారో ఆ క్లినిక్‌కి మరుసటి రోజే ఫోన్ చేయమన్నా, కొత్త పేషెంట్లని తీసుకోవడానికి ఎన్ని వారాలు పడుతుందో అడగమన్నా. కాన్పు అయ్యాక కూడా బీపీ మీద కన్నేసి ఉంచమన్నా, చాలామందికి ఆ సంగతి తట్టదు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఇన్సూరెన్స్) మీద ఉన్న తల్లులకి టెక్సాస్‌లో 2024 మార్చి నుంచి కాన్పు తర్వాత రెండు నెలల బదులు ఏడాది పాటు కవరేజీ ఇస్తున్నది కూడా ఆ తర్వాతి నెలల్లో ప్రాణాలు పోతున్నాయనే.

వాడు వెళ్లాడు. చివరి నెలలో లబ్బాక్‌లో ఎవరింట్లోనన్నా ఉండేట్టు చూసుకుంటున్నారు, అత్తయ్యకి వీసా అపాయింట్‌మెంట్ కూడా దొరికింది, ఆవిడ ఇంకా ఆ ఫొటోనే పంపుతోందంట.

మీక్కూడా ఇలాంటి మ్యాప్ ఏదైనా వస్తే కింద కామెంట్లలో చెప్పండి, కలిసి చూద్దాం. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు మాత్రం కింది అంచు కత్తిరించకండి, ఏ ఏడాదిదో, ఎన్ని కాన్పులదో రాసి ఉంటే అక్కడే ఉంటుంది.